కొమురమ్మ కొట్టంల ఊపిరి

చాంద్రాయణగుట్ట సడక్ మీదికెల్లి లోపలికి మళ్లితే పాలోళ్ల గల్లీ. గల్లీ చివరికి కొమురమ్మ కొట్టం. పొద్దూకినంక ఆ పేరు ఎవ్వరూ ఎత్తరు.

పగటిపూట చూస్తే భయపడేటందుకు ఏముందని? తుప్పు పట్టిన రేకులు, సగం కూలిన గోడ, ఎండిపోయిన కుడితి తొట్టి. పిల్లలు ఆడుకునే బంతి పడితే గోడ దుంకి తెచ్చుకుంటరు. చీకటి పడ్డంక మాత్రం... బంతి పోతే పోయింది.

ఎందుకంటే, లోపలికెల్లి ఊపిరి వినబడ్తది.

హు...స్స్. సన్నగ, పగిలిన పీపీ ఊదినట్టు. ఆగుతది. ఇగ అయిపోయిందనుకుంటం — మళ్ల, హు...స్స్.

గాజుల దుకాణం కట్టేసి ఇంటికి పోయే గౌస్ భాయ్ ఒకనాడు విన్నడు. స్కూటర్ కిక్కు కొట్టుడు మరిచిపోయి మెయిన్ రోడ్డు దాక తోసుకుంటనే పోయిండు. పెరుగమ్మే ఆగమ్మ విన్నది. ప్రభువా ప్రభువా అనుకుంట ఉరికింది. చెప్పు ఒకటి గాడనే జారిపోయింది, వెనక్కి తిరిగి చూడలే. కుక్కలు గూడ ఆ మూలకు వస్తే మొరుగుడు బంద్ చేస్తయంటరు. కుక్కల మాట ఎంత నిజమో తెల్వది గని, గౌస్ భాయ్ అబద్ధమాడే మనిషి కాదు.

దయ్యమెవరో అందరికీ తెల్సినదే. కొమురమ్మ.

నలభై యేండ్లు ఆ కొట్టంల బర్ల నడుమ బతికింది. మాపటికి దోమలు బర్లను పీక్కు తినకుండ పిడకలు రాజేసి, మీద వేపాకు వేసి, పొగ పెట్టేది. పాలోళ్ల కొట్టాలన్నిట్ల ఉన్న అలవాటే అది. బర్లు మంచిగనే ఉన్నయి. పొగంత కొమురమ్మ ఛాతిల చేరింది. దమ్ము పట్టుకున్నది. ఒక వానరాత్రి ఆ కొట్టంలనే, కుడితి తొట్టికి ఆనుకోని, ఊపిరందక పోయింది.

అందనిదాని కోసమే తిరుగుతున్నది పాపం, అన్నరు గల్లీల.

ఈ మాట వినబడితే ఆండాలు ఆడికెల్లి లేసి పోయేది. కొమురమ్మ ఆమె అత్త. సొంత అత్తనే దయ్యమైతే ఏం చేస్తం? ఎవరికి చెప్పుకుంటం? నిమ్మకాయలు కోసి పెడ్దామా అంటే భర్త మురళి ఇకిలించిండు. ఆండాలు ఆ మూలకు మాత్రం పోలే.

ఇంట్ల ఇంకో ఫికరు ఉండె. మామ మొగులయ్య.

ఆయనకు గూడ అదే దమ్ము. అదే పొగ, పైకెల్లి బీడీలు. కిందటి చలికాలం ఆస్పత్రిల పది దినాలు పండుకున్నంక, డాక్టర్లు ఒక ఏర్పాటు చేసిండ్రు. మాటిమాటికి మంచం మోసుకోని ఆస్పత్రికి రావుడు ఎందుకు, ఇంటికాడనే ఉండు, మేము ఈడికెల్లి చూస్తమన్నరు. ముక్కుకు గొట్టం పెట్టే ఆక్సిజన్ మిషిన్ ఇచ్చిండ్రు. కరెంటు పోతే ఉండాలెనని భుజాన వేసుకునే చిన్న సిలిండర్ ఇచ్చిండ్రు. వేలుకు పెట్టుకునే క్లిప్పు ఇచ్చిండ్రు. క్లిప్పుకు జతగ ఒక ఫోను. వేలు పెడితే చాలు, ఒంట్ల ఆక్సిజన్ ఎంతున్నది, గుండె ఎంత ఉరుకుతున్నది — అంకెలు ఫోన్లకెల్లి ఆస్పత్రికి పోతయి. ఆడ అమల అని ఒక నర్సు పిల్ల తెర మీద చూసుకుంట కూసుంటది.

“బర్రె మెడకు గంట గట్టినట్టు నా వేలుకు గిది గట్టిండ్రు,” అన్నడు మొగులయ్య.

“బర్రె గంటకు భయపడి ఊకుంటది మామా. నువ్వు ఊకుంటవా?”

“నేనేం చేసిన బిడ్డా?”

“బీడీ.”

“అది వాసన చూసిన. అంతే.”

పొద్దున ఒకపారి, రాత్రి అన్నం తిన్నంక ఒకపారి వేలు పెట్టాలె. పొద్దుటిది ఇంట్లనే పెట్టేటోడు. రాత్రి మాత్రం, లోపల సిగ్నల్ రాదని, ఫోను క్లిప్పు జేబుల ఏసుకోని గల్లీలకు నడిచేటోడు. కాసేపటికి వచ్చేటోడు.

ఆ సిగ్నల్ సంగతి ఏమో గని, అంకెలు పెద్ద లొల్లి పెట్టినయి.

పొద్దున చూస్తే తొంభై రెండు. ఈ బీమారికి బంగారమసుంటి అంకె. రాత్రి చూస్తే ఎనభై నాలుగు. మళ్ల పొద్దున తొంభై రెండు. డాక్టరుకు సమజ్ కాలే. రాత్రయితే ఈ ముసలాయన ఊపిరి ఎటు పోతున్నది? గోలీలు మార్చిండు. పీల్చే మందు పెంచిండు. అయినా అంతే.

రాత్రయితే ఎటు పోతున్నది... ఆ మాట అమల మామ ఫోనుకు చేసి అన్ననాడు ఆండాలుకు కొట్టం యాదికొచ్చింది. గల్లీ చివర ఒకామె ఊపిరి కోసం తిరుగుతున్నది. ఇంట్ల ఒకాయన ఊపిరి రాత్రిపూటనే తగ్గుతున్నది. పెనిమిటిదే గదా... అడగకుండ తీసుకుంటున్నదా?

బయటికి అనలే. అంటే నవ్వుతరు.

ఇగ ఆ రాత్రి.

మురళి, బిడ్డ స్రవ్య సైదాబాదుల చుట్టాలింట్ల దావత్‌కు పోయిండ్రు. ఆండాలు గిన్నెలు కడుగుతున్నది. మొగులయ్య గల్లీలకు పోయి వచ్చి, ముక్కుకు గొట్టం తగిలించుకోని, మంచం మీద కూసోని, చాయ్‌ల బిస్కెట్ ముంచుకుంట ఏదో కూనిరాగం తీస్తుండు.

ఆండాలు ఫోను మోగింది.

“ఆండాలమ్మా? ఆస్పత్రికెల్లి అమలను. తాత ఎట్లున్నడు? తొందరగ చెప్పండి.”

“ఎట్లుంటడు బిడ్డా? బిస్కెట్లు తింటుండు.”

“డెబ్బై తొమ్మిది చూపిస్తుందమ్మా. డెబ్బై తొమ్మిదిల బిస్కెట్లు తినరు. మాట గూడ రాదు. మంచిగ చూడండి.”

ఆండాలు తలుపు సందులకెల్లి చూసింది. మొగులయ్య బిస్కెట్ చాయ్‌ల విరిగి పడ్డదని చెంచతోని దేవులాడుతుండు.

“మంచిగున్నడమ్మా.”

“వేలు చూడండి.”

చూసింది. కుడిచెయ్యి. ఎడమచెయ్యి.

వేళ్లు ఉత్తగున్నయి.

“క్లిప్పు లేదు బిడ్డా...”

అవతల అమల గొంతు తగ్గించింది —

“మరి ఎవరి వేలుకున్నదమ్మా?”

ఆండాలు లోపలికి పోయి మంచం కింద చూసింది, యాడన్న పడ్డదేమోనని.

“అది ఉత్తగ పడేస్తే అంకె రాదు. లోపల వేలుండాలె. ఆ వేల్ల రక్తం ఉరకాలె. గుండె కొట్టుకుంటున్నది నాకు కనబడ్తుంది, నూట ఇరవై దాటింది. ఎవరో గాని, మునుగుతున్నరు. డెబ్బై ఎనిమిది అయింది.”

“మామా! క్లిప్పు యాడ పెట్టినవ్?”

మొగులయ్య మొఖం తెల్లబడ్డది. నోరు తెరిచిండు. మాటకు ముందు దగ్గు వచ్చింది. దగ్గు మీద దగ్గు, ఒక్క ముక్క బయటికి రాలే. చెయ్యి ఎత్తి, గోడ అవతలికి, గల్లీ చివరికి చూపిచ్చిండు.

కొట్టం దిక్కు.

“ఆడ... ఎవరున్నరు మామా?”

దగ్గు. మూలకున్న చిన్న సిలిండర్‌ను చూపిచ్చిండు. మళ్ల కొట్టం దిక్కు. కండ్లల్ల నీళ్లు తిరుగుతున్నయి. పో, పో — అన్నట్టు చెయ్యి విసిరిండు.

ఆండాలు సిలిండర్ భుజాన వేసుకున్నది. గడప కాడ ఆగింది. ఫోన్ల అమల, “అమ్మా, లైన్ల నేనున్న, పెట్టెయ్యకండి,” అంటున్నది. అగో, ఆ ఒక్క మాటనే ఆమెను గడప దాటిచ్చింది.

గౌస్ భాయ్ దుకాణం షట్టర్ దించుతుండు.

“అరే ఆండాలు బెహన్! ఉధర్ నక్కో జావ్! అటు పోకు!”

“భాయ్, లోపట ఎవరో ఊపిరందక సస్తున్నరంట.”

“ఇన్సాన్ హై క్యా? మనిషేనా?”

“గుండె కొట్టుకుంటున్నదంట భాయ్. ఆస్పత్రోళ్లకు కనబడ్తున్నదంట.”

గౌస్ భాయ్ గడ్డం గోక్కున్నడు. “దిల్ హై, తో... చలో,” అన్నడు. అని, ఆమె వెనక నిలబడ్డడు. ముందల నిలబడే ఉద్దేశం ఆయనకు లేదు.

గల్లీ లైట్లు ఆడిదాక రావు. ఇండ్లు అయిపోయినయి. టీవీల చప్పుడు వెనకబడ్డది. ఆగమ్మ చెప్పు కాలుకు తగిలి ఆండాలు తూలింది. ముందు గోడ. గోడకు తలుపు, అది సగం తెరిచి ఉన్నది.

హు...స్స్.

గౌస్ భాయ్ ఆమె కొంగు పట్టుకున్నడు. ఆయనకు ఆ సోయి లేదు.

హు...స్స్...

ఆగింది.

ఆండాలు గూడ ఊపిరి బిగబట్టింది. ఒకటే చీకటి. రాదు... ఇగ రాదు...

“డెబ్బై నాలుగు,” అన్నది ఫోన్ల అమల, గుసగుసగ. ఆమె ఎందుకు గుసగుసలాడుతున్నదో ఆమెకే తెల్వాలె.

హు...స్స్.

ఆండాలు తలుపు నూకింది.

లోపల తెల్లటిది ఒకటి లేసింది. నేల మీదికెల్లి, మెల్లగ, చీర కుచ్చిళ్లు విప్పుకున్నట్టు. రేకుల దాక లేసింది. మెలి తిరిగింది. ఆమె దిక్కే వస్తున్నది.

“అత్తమ్మా...” ఆండాలు నాలుక మడత పడుతున్నది. “నేను... ఆండాలును. తిట్టకు. ఎవరినో తీస్కపోదామని వచ్చిన. ఇచ్చెయ్.”

తెల్లటిది మొఖానికి తగిలింది.

కండ్లు మండినయి. గొంతుల ఘాటు. వేపాకు కమురు వాసన.

పొగ!

“భాయ్, పొగ! దోమలకు పెట్టే పొగ భాయ్!” ఆండాలుకు నవ్వు, ఏడ్పు ఒక్కసారే వచ్చినయి. ఫోను లైటు ఏసింది. నేల మీద చిన్న చట్టిల పిడకలు రాజుకుంటున్నయి. పక్కకు చాప, దుప్పటి, ఒక నీళ్ల సీసా. కుడితి తొట్టి కాడ...

మనిషి.

తొట్టి అంచు మీద మోచేతులు ఆనిచ్చి, ముందుకు వంగి కూసున్నడు. భుజాలు చెవుల దాక లేసి పడుతున్నయి. పెదవులు నేరేడుపండు రంగు. వేలుకు క్లిప్పు, దాని మీద ఎర్రలైటు మినుకుమినుకుమంటున్నది.

“బి...డ్డా...”

“ఇశ్రాయేలు కాకా!”

ఇశ్రాయేలు మొగులయ్యకు జిగ్రీ దోస్త్. మున్సిపాలిటీల నలభై యేండ్లు రోడ్లూడ్చి రిటైరైన మనిషి. పక్క గల్లీల ఒక్క అర్ర ఇల్లు. కొడుకు డానియేలు, కోడలు రూప, మొన్న మొన్ననే పుట్టిన మనవరాలు. రాత్రిపూట గోదాముల కావలి డ్యూటీ దొరికిందని అందరికీ చెప్పిండు.

గదే గోదాము.

తర్వాత పనులు చకచక అయినయి. గౌస్ భాయ్ భయం యాడ పడేసిండో, సీసాల నీళ్లు చట్టిల గుమ్మరిచ్చి, దాన్ని అవతలికి తన్నిండు. ఆండాలు గొట్టం కాక ముక్కుకు పెట్టింది.

“ఎంత తిప్పాలె బిడ్డా? మొత్తం తిప్పుదునా?”

“వద్దమ్మా! ఎక్కువిస్తే ఈ బీమారోళ్లకు ఉల్టా అయితది. రెండు మీద ఆపండి. పండుకోబెట్టకండి. ముందుకు వంచి కూసోబెట్టండి.”

“వంగే ఉన్నడు.”

“మంచిది. పెదవులు సున్న చుట్టి, దీపం ఆర్పినట్టు మెల్లగ వదలమనండి.”

“కాకా, దీపం ఆర్పు. మెల్లగ. ఇంకొకటి ఆర్పు.”

ఇశ్రాయేలు కనబడని దీపాలు ఆర్పిండు. ఒకటి. ఇంకొకటి. డెబ్బై ఆరు అన్నది అమల. ఆగింది. ఎనభై. ఆండాలు చీర వెనక భాగం చెమటకు తడిసి ముద్దయింది. ఎనభై మూడు.

ఆ గల్లీలకు అంబులెన్సు రాదు. పాల డబ్బాలు మోసే నాలుగు గిర్రల బండి మీద కాకను కూసోబెట్టి, గౌస్ భాయ్ ముందు గుంజుకుంట, ఆండాలు వెనక నూకుకుంట సడక్ దాక తెచ్చిండ్రు. దారి పొడుగూతా జనం తలుపులు తీసి చూసిండ్రు. కొమురమ్మ కొట్టంలకెల్లి ఊపిరి బండెక్కి వస్తున్నది మరి!

బతికిండు. ఇంకో అర్ధగంట ఆలస్యమైతే చెప్పలేకపోతుంటిమి అన్నరు డాక్టర్లు.

తెల్లారి ఆండాలు మొగులయ్య మంచం ముందల నడుం మీద చేతులు పెట్టుకోని నిలబడ్డది.

“చెప్పు మామా.”

“ఏం చెప్పాలె? వాని దగ్గుకు పసిపిల్ల ఉలిక్కిపడి లేస్తున్నదట. ఒక్కటే అర్ర. కోడలు ఏమనలే, మంచి పిల్ల. వీనికే మనసొప్పలే. కొట్టం ఉత్తగనే ఉంది గదా, పండుకోరా అన్న. ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకున్నడు.”

“మరి క్లిప్పు?”

మొగులయ్య దుప్పటి కొస నలిపిండు.

“యాభై యేండ్లకెల్లి చాయ్ తాగితే వన్ బై టూ. బీడీ కాలిస్తే వన్ బై టూ. వానికి గూడ దమ్మే. వానికి మిషిన్ ఇచ్చేటోడు లేడు, అడిగే నోరు లేదు. నాకిచ్చిండ్రు. ఒక్కణ్ని ఎట్ల పెట్టుకోవాలె? పొద్దున నేను పెట్టుకున్న. రాత్రి వాడు.”

ఆండాలు నోరెళ్లబెట్టింది.

“మామా! డాక్టరు ఇన్నొద్దులు ఇద్దరి ఊపిరి కలిపి ఒక్క మనిషికి మందు రాసిండు!”

“మందు గూడ సగం సగమే తీసుకున్నం.”

ఆమె నెత్తి పట్టుకున్నది.

“నిన్న రాత్రి వాని మొఖం నాకు నచ్చలే,” అన్నడు మొగులయ్య మెల్లగ. “తెల్లార్లూ పెట్టుకోరా అని వదిలిపెట్టి వచ్చిన. ఆ పిల్ల చూస్తదిలే అనుకున్న. పొగ పెట్టుకుంటడని... నాకు తట్టలే బిడ్డా. పిడకలిచ్చింది గూడ నేనే.”

ఆండాలు ఆయన మీదికి దుప్పటి సర్దింది.

“అంతా అయింది గని, అత్తమ్మను దయ్యం చేస్తిరి గదా ఇద్దరు కలిసి!”

“మేమన్నమా? గల్లీ అన్నది. మేము కాదనలే. ఆమె పేరు చెప్తే ఎవరూ అటు రారు గదా, వాడు నిమ్మళంగ పండుకుంటడని.” మొగులయ్య మీసం కింద నవ్విండు. “బతికున్నప్పుడు గూడ ఆమె నోటికి దడిసి ఎవరూ రాలే.”

నాలుగొద్దులకు ఇశ్రాయేలుకు గూడ ఒక ఆక్సిజన్ మిషిన్ ఇచ్చి ఇంటికి పంపిండ్రు. డానియేలు తండ్రి కాళ్ల కాడ కూసోని మస్తు ఏడ్చిండు, తర్వాత మస్తు తిట్టిండు. ఆఖరుకు రాత్రుళ్లు మొగులయ్య అర్రలనే ఇంకో మంచం వేసుడని తీర్పయింది. ఇద్దరూ జుగల్‌బందీ లెక్క దగ్గుతరు. ఆండాలుకు పక్క అర్రల నిద్ర పట్టదు గని, ఆ చప్పుడు వినబడితేనే పాణం కుదుట పడ్తది.

గల్లీ నవ్వుకున్నది. గౌస్ భాయ్ ఈ కథ చెప్పుకుంట గాజులు రెండింతలు అమ్మిండు. ఆయన చెప్పే కథల ముందల నడిచింది ఆయననే.

ఆ ఐతారం అమలనే స్వయంగ వచ్చింది. ఇశ్రాయేలుకు ఆయన సొంత క్లిప్పు, సొంత ఫోను తెచ్చింది. ఇన్నాళ్లు గొంతే తెల్సిన పిల్ల. చూస్తే బక్కగ, స్రవ్య ఈడుది. ఇద్దరు ముసలోళ్లను పక్కపక్కన కూసోబెట్టి, వేళ్లకు క్లిప్పులు పెట్టి, వేలెత్తి చూపి బెదిరించింది.

“తాతా, ఇవి వన్ బై టూ కావు. ఎవరిది వాళ్లకే.”

“చాయ్ సంగతేంది మరి?”

“చాయ్ మీ ఇష్టం.”

ఆండాలు చాయ్ తెచ్చింది. అమల కప్పు తీసుకోని ఇల్లంత కలయజూసింది.

“అమ్మమ్మ కనబడ్తలేదు?”

“ఏ అమ్మమ్మ బిడ్డా?”

“అదే, ఆ రాత్రి ఫోనెత్తిన అమ్మమ్మ.”

ఆండాలు చేతిల ట్రే అట్లనే ఆగింది.

“నా ఫోను నేనే ఎత్తిన గదా.”

“మీకు తర్వాత చేసిన. అంకె పడిపోంగనే మొదలు తాత ఫోనుకే కొట్టిన. మా కాడ ఉన్నది ఆ ఒక్క నంబరే. ఒక అమ్మమ్మ ఎత్తింది. మనిషిని వంచి కూసోబెట్టిన, ఇగ నాతోని కాదు, మా ఆండాలును పిలువు అన్నది. మీ నంబరు గూడ ఆమెనే చెప్పింది.” అమల ఒక గుక్క తాగింది. “నేను... ఇంట్ల మనిషే అనుకున్న. ఆ హడావిడిల మళ్ల అడగలే.”

ఆండాలు ఇశ్రాయేలు దిక్కు చూసింది. ఇశ్రాయేలు తల అడ్డంగ ఊపిండు.

“ఫోను చాప మీద ఉండె బిడ్డా. మోగింది వినబడ్డది. నా చెయ్యి లేవలే.” కొంచెం ఆగి, “కూసోబెట్టింది నువ్వే అనుకున్న,” అన్నడు.

బయట గౌస్ భాయ్ ఎవరితోనో బేరమాడుతున్న చప్పుడు. లోపల రెండు మిషిన్లు బుస్సు బుస్సుమంటున్నయి.

మొగులయ్య గొంతు సవరించుకున్నడు.

“బిడ్డా... ఆమె నిన్ను తిట్టిందా?”

అమల సిగ్గుపడ్డది.

“బాగనే తిట్టింది తాతా. కూసోని అంకెలు చూసుడేనా, మనిషి పోయినంక చేస్తవా ఫోను, నీ చేతులు విరగ — అన్నది.”

మొగులయ్య చాయ్ సాసర్ల వంపుకున్నడు. దోస్తుకు సగం అందిచ్చిండు.

“అయితే ఆమెనే,” అన్నడు.